క్యాంటీన్ బాధ్యత తీసుకున్న మాధవికి

చిరంజీవి మాధవికి పెదనాన్న దీవించి రాయునది.

పరవాడ ఫార్మా సిటీలోని మీ కంపెనీలో క్యాంటీన్ బాధ్యత కూడా నీకే అప్పగించారనీ, జీర్ణకోశ వ్యాధులున్న ఉద్యోగుల కోసం ఆహార కార్యక్రమం ఒకటి మొదలుపెట్టమన్నారనీ రాశావు. సంతోషం. కాని నువ్వు పంపిన ప్రణాళికలో రోగులకు ప్రత్యేక కౌంటరు అని పెట్టావు చూడు, ముందుగా దాన్ని తీసేయమంటాను. నలుగురూ చూస్తుండగా ఆ వరుసలో నిలబడడానికి మనవాళ్ళు ఇష్టపడరు. అందులోనూ కాంట్రాక్టు కార్మికులు, ఒంట్లో బాగాలేదని తెలిస్తే పని పోతుందేమోనన్న భయంతో, కడుపు పట్టుకునైనా మామూలు వరుసలోనే తింటారు. తన జబ్బేమిటో ఎవరికీ చెప్పుకోనక్కరలేకుండా, అందరూ తినే వరుసలోనే తనకు పడేది తాను ఏరుకోగలిగేటట్టు వడ్డన ఏర్పాటు చెయ్యి. వైద్యం డాక్టరు పని. వంటలో ఏం వేశామో ఉన్నదున్నట్టు చెప్పడం, వేళకు పెట్టడం మన పని.

కడుపు జబ్బు అనగానే కారం తగ్గించమని అందరూ సలహా ఇస్తారు. మంట ఉన్నవాడికి కారం తగ్గిస్తే కొంత హాయిగా ఉండవచ్చు గాని, కడుపులో పుండు పడడానికి ప్రధాన కారణాలు హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, అదే పనిగా మింగే నొప్పి మాత్రలు. ఆ బ్యాక్టీరియా సంగతి బయటపెట్టిన ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. కాబట్టి వారాల తరబడి మంట అన్నవాడికీ, బరువు తగ్గిపోతున్నవాడికీ, మలం నల్లగానో రక్తంతోనో పడుతున్నవాడికీ పథ్యం చెప్పి ఊరుకోకు, వెంటనే డాక్టరు దగ్గరకు పంపించు.

ఇక అసలు చిక్కంతా కంటికి కనపడని దినుసులతోనే. సీలియాక్ వ్యాధి ఉన్నవారికి గోధుమ, బార్లీలలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తి కొంచెం తగిలినా చిన్నపేగు దెబ్బతింటుంది. ఈ జబ్బు దక్షిణాదిలో కంటే ఉత్తర భారతంలో ఎక్కువ. మీ దగ్గర బీహారు, ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళు చాలామంది ఉన్నారంటున్నావు కనుక దీన్ని పట్టించుకోక తప్పదు. చపాతీ మానేస్తే సరిపోతుందని మీ వంటమేస్త్రీ అంటాడు, కాని అది చాలదు. మా ఫ్యాక్టరీలో ఒక టర్నరు ఎప్పుడూ ఇంటి నుంచే క్యారేజీ తెచ్చుకుని ఒక మూల కూర్చుని తినేవాడు, అతనికి గర్వమని తోటివారు అనుకునేవారు. వంటకాల పక్కన దినుసులు కూడా రాసిన పలకను మా క్యాంటీన్ కమిటీ వేలాడదీసిన రోజున అతను వచ్చి, సాంబారు ఎదురుగా ఉన్న పట్టీ అంతా చదివి, ఇంగువ డబ్బా ఒకసారి చూపించమన్నాడు. ఆ డబ్బా మీద ఇంగువ, బంకలతో పాటు గోధుమపిండి అని చిన్న అక్షరాలలో ఉంది! బజారులో దొరికే కూటు ఇంగువ చాలావరకు ఇలాంటిదే. బియ్యపు పిండితో చేసిన ఇంగువ తెప్పించాక అతను మాతోపాటు సాంబారు అన్నం తినడం మొదలుపెట్టాడు.

కాబట్టి కొట్టు గదిలో ఉన్న ప్రతి పొట్లం మీదా ఏం రాసి ఉందో నువ్వే స్వయంగా చదువు. ఇడ్లీ రవ్వ బియ్యానిది, ఉప్మా రవ్వ గోధుమది. పలక మీద వట్టి రవ్వ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఫ్రైడ్ రైస్‌లో పోసే సోయా సాస్‌లోనూ సాధారణంగా గోధుమ ఉంటుంది. పూరీలు వేయించిన నూనెలోనే గారెలు వేయించినా, చపాతీ పిండి అంటిన పీట మీదే జొన్నరొట్టె తట్టినా చేసిన జాగ్రత్తంతా వృథా. కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉంటే ఆ పదార్థాన్ని గ్లూటెన్ లేనిదిగా అమ్మకూడదని మన ఆహార ప్రమాణాల నియమం. నీ వంటశాలలో ఆ హామీ ఇవ్వలేవు గనుక పలక మీద ‘గోధుమ వేయలేదు’ అని మాత్రమే రాయించి, అదే నూనెలో పూరీలు కూడా వేయించి ఉంటే ఆ మాట కూడా రాయించు. పలక తెలుగులోనే కాక హిందీలోనూ, ఒడియాలోనూ ఉండాలి.

పాలు పడనివారి సంగతి సులువు. టీ దగ్గర పాలు కలపని డికాక్షన్ ఒకటి ఉంచితే చాలు. పెరుగులో పాల చక్కెర కొంత ముందే విరిగిపోతుంది గనుక వారిలో చాలామందికి మజ్జిగ ఇబ్బంది చేయదు.

పేగులో పుండేమీ లేకపోయినా తరచూ కడుపు నొప్పి, ఉబ్బరం, విరేచనాలో మలబద్ధకమో పెట్టే జబ్బును ఐబీఎస్ అంటారు. ఉల్లి, వెల్లుల్లి పడని ఐబీఎస్ వారి కోసం మీ వంటమేస్త్రీ పద్ధతిని కొద్దిగా మార్చాలి. పప్పును ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించి, తాలింపు పెట్టకముందే ఒక గిన్నెడు పక్కకు తీయించు. దానికి కావలసిన వాసన కోసం వెల్లుల్లి రెబ్బలను నూనెలో వేయించి, రెబ్బలు తీసిపారేసి, ఆ నూనెతోనే పోపు పెట్టించవచ్చు, ఎందుకంటే వెల్లుల్లిలో ఇబ్బంది పెట్టే ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు నీటిలో కరుగుతాయి గాని నూనెలోకి దిగవు. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం వారు రూపొందించిన ఫాడ్‌మ్యాప్ పథ్యాన్ని పూర్తిగా అమలు చేద్దామని రాశావు. అది పేగులో పులిసి ఉబ్బరం తెచ్చే కొన్ని రకాల చక్కెరలు, పిండిపదార్థాలు ఉన్న తిండిని కొన్ని వారాలు మానిపించి, తరువాత ఒక్కొక్కటిగా తిరిగి తినిపించి చూసే పద్ధతి, డైటీషియన్ దగ్గరుండి చేయించవలసిన పని. క్యాంటీన్ గోడకు అంటించే జాబితా కాదమ్మా అది.

పగటి భోజనం కన్నా రాత్రి షిఫ్టు మీద ఎక్కువ దృష్టి పెట్టు. అర్ధరాత్రి దాటాక ఖాళీ కడుపుతో వచ్చినవాడికి మిరపకాయ బజ్జీ, టీ తప్ప మరేమీ దొరకదు. కంట్రాక్టరుకు లాభం వాటిలోనే గనుక ఎవరూ అడగకపోతే అవే ఉంటాయి. ఇడ్లీ, పెసరపప్పు వేసి మెత్తగా వండిన పొంగలి, పల్చని మజ్జిగ, ఆనపకాయ కూర ఆ వేళ తప్పనిసరిగా ఉండాలని ఒప్పందంలోనే రాయించు. బి షిఫ్టు, అంటే మధ్యాహ్నం ఎక్కేవారు, రాత్రి పది గంటలకు దిగి, ఇంటికి వెళ్ళి పదకొండింటికి తిని వెంటనే పడుకుంటారు, దాంతో పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట పట్టుకుంటాయి. వారికి ఏడున్నరకే క్యాంటీన్‌లో పూర్తి భోజనం దొరికేటట్టు విరామం మార్పించగలిగితే, మందుల షాపుకు పోయే డబ్బు చాలావరకు మిగులుతుంది.

పెద్దపేగు పుండ్ల జబ్బు ఉన్నవారికి తిండి ఒక్కటే చాలదు, వారికి మాటిమాటికీ మరుగుదొడ్డికి పోవలసి వస్తుంది. సూక్ష్మజీవులు చేరకుండా మందులు తయారుచేసే మీ స్టెరైల్ బ్లాకులో మరుగుదొడ్డికి పోవాలంటే గౌను విప్పి, తిరిగి వచ్చి మళ్ళీ కొత్తది తొడుక్కోవాలి కదా. ఆ భయంతోనే కొందరు డ్యూటీకి ముందు ఏమీ తినరు, నీళ్ళు కూడా తాగరు. వారి బదులు నిలబడడానికి ఒక మనిషి ఉండాలని ప్రొడక్షన్ మేనేజరుతో మాట్లాడి రాతపూర్వకంగా ఒప్పించు. ఎవరి పేరూ చెప్పనక్కరలేదు, ప్రతి షిఫ్టుకూ ఒకరని అడుగు. డాక్టరు రిపోర్టులు నువ్వు చూడవద్దు. అవి కంపెనీ డాక్టరు దగ్గరే ఉండాలి.

యాజమాన్యం ఖర్చు అడిగినప్పుడు ఇంగువ, డికాక్షన్, పలకల లెక్క చూపించు, అది చాలా కొద్ది. నూనె విషయంలో మాత్రం రాజీ పడకు: మళ్ళీ మళ్ళీ కాచిన నూనెలో పేరుకునే టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనే పదార్థాలు 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జూలై నుంచి నియమం ఉంది, దాన్ని కొలిచే చిన్న మీటరు కూడా దొరుకుతుంది. కార్మికుల ప్రతినిధులతో క్యాంటీన్ కమిటీ వెయ్యి, అందులో రాత్రి షిఫ్టు మనిషి ఒకరు తప్పక ఉండాలి. ఒప్పందం ముసాయిదా తయారయ్యాక, రాత్రి మెనూతో సహా నాకు పంపితే చూసి తిరిగి రాస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న