లైట్ కొనేముందు ఇది చదువు అల్లుడూ

అల్లుడూ,

ఆదివారం పొద్దుగాల నాలుగున్నరకే మొయినాబాద్ మీదికెళ్లి చేవెళ్ల దాకా సైకిల్ మీద పోతవంట గదా, అక్క ఫోన్ చేసి చెప్పింది. లైట్ ఏది కొనాలె మామా అని నువ్వు అడిగినవ్ కాబట్టి కూసొని రాస్తున్న, ఓపికగ చదువు.

డబ్బా మీద 5000 ల్యూమెన్స్, 8000 ల్యూమెన్స్ అని పెద్దగ రాసి ఉంటది, అది చూసి పైసలు తియ్యకు. ల్యూమెన్స్ అంటే లైట్ల నుంచి బయటికొచ్చే మొత్తం వెలుతురు, అది రోడ్డు మీద పడ్తదా చెట్ల మీద పడ్తదా అన్నది ఆ నంబర్ చెప్పదు. ఒక జాగల ఎంత పడ్తదో చెప్పేది లక్స్. దూరం డబుల్ అయితే లక్స్ నాలుగో వంతుకు పడిపోతది, 5 మీటర్ల కాడ 40 ఉంటే 10 మీటర్ల కాడ 10యే.

నేను మొదట కొన్న లైట్ టార్చి లెక్క గుండ్రంగ కొట్టేది. ఆ రోడ్డు మీద మర్రిచెట్లు చూసినవ్ గదా, ఊడలు, కొమ్మలు అన్నీ పట్టపగలు లెక్క కనిపించినయ్, ముందు చక్రం కాడి గుంత మాత్రం కనిపించలే, హ్యాండిల్ చేతుల నుంచి ఎగిరిపోయినంత పనైంది. ఎదురుంగ పాల క్యాన్లు కట్టుకొని బండి మీద వస్తున్న పెద్దమనిషి కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని రోడ్డు పక్కకు ఆగిపోయిండు, ఆయన అట్ల నిలబడ్డది నాకు ఇప్పటికీ యాదికొస్తది. అందుకే పైన గీత గీసినట్టు వెలుతురు కట్ అయ్యే లైటే తీస్కో. జర్మనీ రూల్ ప్రకారం చేసిన లైట్లు అట్లనే ఉంటయ్, 10 మీటర్ల కాడ కనీసం 10 లక్స్ ఉండాలె, ఎదుటోని కండ్లల్ల కొట్టొద్దు.

షాపుల ఆన్ చేసి చూస్తే ఏ లైటైనా మస్తు కనిపిస్తది. రాత్రి చీకట్ల గోడకు 5 మీటర్ల దూరంల పెట్టి చూడు, నడుమ మచ్చ ఒక్కటే తెల్లగ మెరిసి చుట్టూ నల్లగ ఉంటే అది రోడ్డుకు పనికిరాదు. ఇంకోటి, 400 ల్యూమెన్స్ నుంచి 800కు పోతే కంటికి డబుల్ అనిపించదు, కొంచెం ఎక్కువ అనిపిస్తది అంతే.

బ్యాటరీ లెక్క కూడ చేస్కో. ఇసొంటి లైట్లల్ల 18650 అనే గుండ్రటి రీఛార్జ్ సెల్ ఉంటది, దాని మీద 2600 ఎంఏహెచ్ అని ఉంటే సుమారు 9.6 వాట్ అవర్లు, అంటే 9.6 వాట్లు ఒక గంట ఇయ్యగల్గుతది. ఎల్ఈడీ వాట్‌కు 100 ల్యూమెన్స్ ఇస్తదనుకున్నా, 1000 ల్యూమెన్స్ గంట కంటే తక్కువే నడుస్తది. ఒక్క సెల్ పెట్టి 5000 ల్యూమెన్స్ ఆరు గంటలు అని రాసిండంటే అది పచ్చి అబద్ధం. మంచి లైటైనా వేడెక్కితే తనంతట తానే తగ్గించుకుంటది, ఫుల్ మీద ఎంతసేపు నిలబడ్తదో అడుగు.

నెక్లెస్ రోడ్‌ల వీధి దీపాలుంటయ్, 200, 300 ల్యూమెన్స్ చాలు, అక్కడ నువ్వు పక్కోళ్లకు కనిపిస్తే సరిపోతది. చేవెళ్ల దిక్కు మాత్రం 600 నుంచి 800 నిజమైనవి కావాలె, ఎందుకంటే గంటకు 25 కిలోమీటర్ల స్పీడ్‌ల రెండు సెకండ్లకే 14 మీటర్లు పోతవ్, గుంత అంతకు ముందే కనిపించాలె గదా. చీకట్ల బ్లింక్ మోడ్ పెట్టకు, దూరం అందాజా దొరకదు.

శనివారం రాత్రి నా లైట్ పట్టుకొస్త, నువ్వు చూసినదాన్ని కూడ ఉంచు, మీ మిద్దె మీద రెండింటినీ పక్కపక్కన పెట్టి గోడ మీద చూద్దాం.

మామ