మాస్టారి జవాబులు: శ్రీశైలానికి మీ ఇల్లు ఏ దిక్కు?

ప్రశ్న: మాస్టారూ, మొన్న మా కొత్త ఫ్లాట్‌లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. పంతులుగారు సంకల్పంలో ‘శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోః మధ్యదేశే’ అని చెప్పించారు. మా పుట్టిల్లు గుంటూరు. అక్కడ నాన్నగారు ‘కృష్ణా కావేర్యోః’ అనేవారు. పూజ అయ్యాక మా అబ్బాయి ఫోన్‌లో మ్యాప్ తీసి ‘మనం వాయవ్యంలో లేమమ్మా, ఉత్తరంలో ఉన్నాం’ అన్నాడు. అప్పట్నుంచీ నాకు టెన్షన్. పూజ చెల్లినట్టేనా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: చెల్లిందమ్మా. ప్రసాదం కూడా చెల్లిపోయే ఉంటుంది, నిశ్చింతగా ఉండండి.

మీవాడి లెక్క మాత్రం సరైనదే. శ్రీశైలం నుంచి తిన్నగా కొలిస్తే హైదరాబాద్ ఉత్తరానికి సుమారు 145 కిలోమీటర్లు, పడమరకు ఓ 40 కిలోమీటర్లు. ఎనిమిది దిక్కులూ సమానంగా పంచితే అది ఉత్తరం వాటాలోకే వస్తుంది. కాస్త పడమటికి ఒరిగింది కదా అని వాయవ్యం అనడం అలవాటైంది. విజయవాడ వాళ్లు ఈశాన్యం అంటారు, మ్యాప్‌లో చూస్తే దాదాపు తూర్పే. సోషల్ పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి నాకూ మొదట్లో ఈ తేడా కంట్లో నలుసులా ఉండేది. ఇప్పుడు లేదు. పంతులుగారు అక్కడ సర్వే చేయడం లేదు. ‘స్వామీ, నీ కొండకు ఇదిగో ఈ పక్కన ఉన్నాను’ అని మీ చేత చెప్పిస్తున్నారు.

నదుల సంగతి ఇంకా తేలిక. గుంటూరు కృష్ణకు దక్షిణాన ఉంది, అందుకే మీ నాన్నగారు కృష్ణా కావేరుల మధ్య అన్నారు. మీరు పెళ్లయి కృష్ణ దాటి వచ్చారు, కృష్ణా గోదావరుల మధ్య పడ్డారు. విశాఖ వెళ్లి ఉంటే ‘గంగా గోదావర్యోః’ అనాల్సి వచ్చేది.

ఈసారి సంకల్పం చెప్పేటప్పుడు ఆ వరస గమనించండి. ముందు జంబూద్వీపం, తర్వాత భరతవర్షం, భరతఖండం, మేరువుకు దక్షిణం, ఆ తర్వాత శ్రీశైలం, నదులు, చివరికి మీ ఇల్లు. ఉత్తరం మీద రాసే అడ్రసును తలకిందులు చేసినట్టుంటుంది. ఇంటి దగ్గర కూడా లెక్క పక్కాగా ఉంటుంది: సొంతిల్లయితే ‘స్వగృహే’, అద్దె ఇల్లయితే ‘వసతిగృహే’. ఫ్లాట్‌కు బ్యాంకు లోను ఇంకా తీరకపోతే ఏమనాలో శాస్త్రం చెప్పలేదు. ‘స్వగృహే’ అనేయండి.

జిల్లా, మండలం, రాష్ట్రం ఇందులో ఎక్కడా రావు. మా మార్కాపురం ఒకప్పుడు కర్నూలు జిల్లా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చింది, తర్వాత దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. రాష్ట్రం కూడా మొదట మద్రాసు, 1953లో ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్. రేషన్ కార్డు మీదా, పట్టాదారు పాసుపుస్తకం మీదా ఇవన్నీ మార్చుకుంటూ వచ్చాం. మా ఇంట్లో వినాయక చవితికి మాత్రం మా తాత చెప్పిన ‘శ్రీశైలస్య ఆగ్నేయ ప్రదేశే’నే చెబుతున్నాం. మాది నిజంగానే ఆగ్నేయం, మీవాడు చూసుకోవచ్చు.

శ్రీశైలాన్నే ఎందుకు గుర్తుగా పెట్టుకున్నారంటే, జ్యోతిర్లింగమూ శక్తిపీఠమూ ఒకేచోట ఉన్న క్షేత్రం కాబట్టి అని అందరూ చెబుతారు. నాకు ఇంకొకటి కూడా తోస్తుంది. అది సీమకూ, కోస్తాకూ, తెలంగాణకూ నడుమ నల్లమల అడవిలో ఉంది. ఏ రాజధానీ కాదు, ఏ ఒక్కరి ఊరూ కాదు. పక్కనున్న కన్నడ సంకల్పంలో ‘దండకారణ్యే, గోదావర్యాః దక్షిణే తీరే’ అని వస్తుంది. వాళ్లకు అడవీ నదీ గుర్తయితే మనకు కొండ గుర్తు.

ఆ కొండకు గుమ్మాలు కూడా గుడి దగ్గర లేవు. తూర్పు ద్వారం త్రిపురాంతకం, దక్షిణ ద్వారం పెన్న ఒడ్డున సిద్ధవటం, పడమటి ద్వారం తుంగభద్ర ఒడ్డున అలంపురం, ఉత్తర ద్వారం అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం. సిద్ధవటం నుంచి గుడికి గీత గీస్తేనే 175 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. అంటే కడప వాళ్లు పెన్న దగ్గరే మల్లన్న వాకిట్లో అడుగు పెట్టినట్టు. రాష్ట్రం విడిపోయాక రెండు ద్వారాలు తెలంగాణకు వెళ్లాయి, రెండు ఆంధ్రాలో ఉన్నాయి. ద్వారాల పంపకం మీద ఇంతవరకూ ఎవరూ కేసు వేయలేదు, సంతోషం.

ఇక మనం దిక్కులు లెక్కపెట్టుకుంటుంటే, ఆ అడవిలోనే ఉండే చెంచులకు ఆ అవసరమే లేదు. చెంచుపిల్లను పెళ్లాడాడు కాబట్టి మల్లయ్య వాళ్లకు అల్లుడు. ఉగాదికి కాలినడకన వచ్చే కన్నడ భక్తులు భ్రమరాంబను తమ ఆడపడుచంటారు. వాళ్ల నడక చూస్తే గుడికి వస్తున్నట్టుండదు, కూతురింటికి వస్తున్నట్టుంటుంది.

ప్రశ్న: మాస్టారు గారూ, మేం డాలస్‌లో ఉంటాం. ఇక్కడ పూజల్లో ‘క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే’ అంటున్నారు. అమెరికా క్రౌంచద్వీపం ఎప్పుడైంది? మేం శ్రీశైలం అనకూడదా?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: క్రౌంచం పురాణాల్లోని సప్తద్వీపాల్లో ఒకటి బాబూ. అది అమెరికాయే అని ఏ పురాణమూ చెప్పలేదు. సముద్రం దాటాక కూడా ‘జంబూద్వీపే’ అనడం అబద్ధమవుతుందని పురోహితులు కుదుర్చుకున్న ఏర్పాటు ఇది. నాకు నచ్చింది. పిట్స్‌బర్గ్‌లో 1970ల్లో వేంకటేశ్వరుడి గుడి కట్టారు. ఆ ఊళ్లో అలెగెనీ, మొనాంగహీలా నదులు కలిసి ఒహాయో అవుతాయి. భక్తులు దాన్ని త్రివేణీ సంగమంతో పోల్చుకున్నారు. చోటు కొత్తదైనా చూసే పద్ధతి ఇంటినుంచి తీసుకెళ్లారు.

మీ ఊరి మీదుగా పారేది ట్రినిటీ నది. 1690లో అలోన్సో దె లియోన్ అనే స్పెయిన్ అధికారి క్రైస్తవుల త్రిత్వం పేరు మీద దానికి ఆ పేరు పెట్టాడు. అంటే మీకంటే ముందే ఒకరు ఆ నీటికి తమ దేవుడి గుర్తు పెట్టుకుని వెళ్లారు. మీ పంతులుగారు ‘ట్రినిటీ నదీ తీరే’ అంటే మొహమాటపడకుండా అనండి. శ్రీశైలం కూడా కలుపుకుంటానంటే కలుపుకోండి. దిక్కు మాత్రం నన్నడక్కండి, భూమి గుండ్రంగా ఉంది.

ప్రశ్న: సంగమేశ్వరం రెండు చోట్ల ఉందంటున్నారు. అసలుది ఏది? ఎప్పుడు వెళ్లాలి?
– ఒక పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: రెండూ అసలువే, రెండూ వేరు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో చాళుక్యుల కాలపు గుడి ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోతుందని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. శిల్పం చూడాలంటే అక్కడికి వెళ్లండి. నా దృష్టిలో చోటు మాత్రం కదల్లేదు. పేరు సంగమేశ్వరుడే, గుడి ముందు సంగమం లేదు.

మీకు దగ్గర్లోది సప్తనదీ సంగమేశ్వరం. దాన్ని కదపలేదు. వేపమాను లింగంతో సహా ఏటా నెలల తరబడి నీళ్లలోనే ఉంటుంది. నీరు ముంచుకొచ్చేదాకా పూజారి పూజ చేస్తూనే ఉంటారు, మునిగాక ఒడ్డున పైన చేస్తారు. డ్యామ్ పూర్తి మట్టం 885 అడుగులు. అది బాగా తగ్గాకే గుడి బయటపడుతుంది కాబట్టి ఎండాకాలంలో వెళ్లండి. ఏ ఏడు ఎంత నీరుంటుందో చెప్పలేం, బయల్దేరే ముందు ఆ ఊళ్లో ఎవరికైనా ఫోన్ చేసి కనుక్కోండి. గొడుగు పట్టుకెళ్లండి, అక్కడ నీడ ఉండదు.