బాప్తిస్మం తీసుకున్నారు సరే, తాకట్టు రసీదు సంగతేమిటి?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గరి పల్లె. మా ఆయన పేకాటలో పడి నా గొలుసు, పాప గాజులు నాకు చెప్పకుండా తాకట్టు పెట్టారు. బట్టలు ఉతకబోతే చొక్కా జేబులో రసీదు కనబడింది. మొన్న ఈస్టర్‌కు గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం తీసుకున్నారు. ఒడ్డుకు వచ్చాక తువ్వాలు అందించింది నేనే. ఆట మానేశారు, ప్రార్థనకు వస్తున్నారు. అప్పులు ఎంతున్నాయని అడిగితే మాత్రం "దేవుడే క్షమించాడు, పాత మనిషి చచ్చిపోయాడు, నువ్వెందుకు తవ్వుతావు?" అంటారు. అత్తగారు, సంఘ పెద్దలు కూడా నన్నే తప్పు పడుతున్నారు. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్లలో పాలుపంచుకోవాలంటే భయంగా ఉంది. క్షమించలేని నేనే పాపినా?

జవాబు: అమ్మా, అప్పు ఎంతుందని అడగడం ఏ లెక్కన పాపం? మీ ఉత్తరంలో ఆయన మీద ఒక్క తిట్టు లేదు. ఆట మానేశారన్న మంచి మాట కూడా మీరే రాశారు. పగబట్టిన మనిషి ఇలా రాయదు.

మీవారి మాటకు వాక్యాధారం ఉంది. క్రీస్తునందున్నవాడు నూతన సృష్టి, పాతవి గతించెను అని పౌలు కొరింథీయులకు రాశాడు. నీళ్లలో మునగడమంటే క్రీస్తుతో పాటు పాతిపెట్టబడటమని, లేవడమంటే కొత్త జీవితంలో నడవడమని రోమా పత్రిక ఆరో అధ్యాయం చెబుతుంది. దేవుడి ముందు తన దోషం పోయిందని ఆయన నిబ్బరంగా నమ్మవచ్చు. మీరూ దాన్ని శంకించవద్దు. కానీ ఆ పాతిపెట్టిన మనిషి చేసిన అప్పు తాకట్టు కొట్టు పుస్తకంలో ఇంకా బతికే ఉంది. నెలనెలా వడ్డీతో పెరుగుతోంది కూడా.

లూకా సువార్త మూడో అధ్యాయం చూడండి. బాప్తిస్మం కోసం వచ్చిన సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవాళ్లు, "మేమేమి చేయవలెను?" అని అడిగితే, నిర్ణయించినదాని కంటే ఎక్కువ వసూలు చేయవద్దని బాప్తిస్మమిచ్చే యోహాను చెప్పాడు. నీళ్ల ఒడ్డునే డబ్బు మాట! పంతొమ్మిదో అధ్యాయంలో జక్కయ్య అనే సుంకరి మరీ ముందుకు వెళ్లాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని, ఎవరూ లెక్క అడగకముందే, తానే నిలబడి చెప్పాడు. ఈ ఇంటికి నేడు రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ మాట విన్నాకే. మీ పెద్దలకు ఈ భాగం తెలియక కాదు, మీ ఇంటి దాకా వచ్చేసరికి గుర్తుకు రావడం లేదు.

అదీ మీ ప్రాంతంలో! 1878 జూలై 3న అదే గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతకు ముందు కరువులో బకింగ్‌హాం కాలువ పనులు నడిపిన మిషనరీ క్లౌ, ఆ పనులు ఇస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి కోసం, తిండి కోసం ఎవరూ నీళ్లలోకి దిగకూడదని ఆయన పట్టుదల. లాభం కోసం దిగకూడదన్నప్పుడు, బయటికి వచ్చాక ఆ బాప్తిస్మాన్ని అప్పు ఎగవేతకు అడ్డుపెట్టుకోవడం ఎలా ఒప్పవుతుంది?

క్షమాపణ ఈ రోజే ఇవ్వగలిగితే ఇవ్వండి. నమ్మకం మాత్రం ఆయన నెలనెలా సంపాదించుకోవలసిందే. డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించమన్న ప్రభువు, బీరువా తాళాలు కూడా అప్పగించమని ఎక్కడా చెప్పలేదు.

పాప పడుకున్నాక ఒక రాత్రి నోటుపుస్తకం తీసుకుని ఇద్దరూ కూర్చోండి. ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు అన్నది ఆయన చేతే రాయించండి. ముందు రసీదు మీద గడువు చూడండి, అది దాటితే నగలు వేలానికి పోవచ్చు. కొట్టులో వడ్డీ ఎక్కువైతే విడిపించి బ్యాంకులో పెట్టుకునే వీలుందేమో కనుక్కోండి. ఈ గొడవ తేలేదాకా ఏ కొత్త అప్పు కాగితం మీదా సంతకం చేయవద్దు. పేక మీదికి ఆయన మనసు మళ్లీ లాగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఫోను చేయించండి. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ప్రార్థన ఉండగా ఇదెందుకని ఎవరైనా అంటే, జ్వరం వస్తే ప్రార్థనా చేస్తాం, మాత్రా వేసుకుంటాం అని చెప్పండి.

ఇక ప్రభువు బల్ల. అర్పణ అక్కడే విడిచి వెళ్లి సహోదరుడితో సమాధానపడమని మత్తయి ఐదో అధ్యాయంలో ఉన్న మాట మిమ్మల్ని భయపెడుతోందేమో. మరోసారి చదవండి. "నీమీద నీ సహోదరునికి విరోధము ఏమైనను కలదని" అక్కడ ఉంది. అంటే లేచి వెళ్లవలసినవాడు నొప్పించినవాడు. మీ ఇంట్లో అది ఎవరో నేను చెప్పనక్కర్లేదు. మీరు నిశ్చింతగా బల్లకు వెళ్లండి.

నోటుపుస్తకం చూడగానే ఆయన కోపంతో లేచిపోతే ఆ రాత్రికి వదిలేయండి. మర్నాడు పాస్టరుగారి దగ్గరకు వెళ్లి "అయ్యగారూ, ఈ వారం మా ఇంట్లో ప్రార్థన పెట్టి జక్కయ్య భాగం చదవండి" అని అడగండి. ఆ రోజుకు మీ పుట్టింటి వైపు పెద్దమనిషిని ఒకరిని కూడా పిలవండి. ప్రార్థన ముగిశాక అందరి ముందే ఆ పుస్తకం తెరవండి.