లోపల 14 అడుగులు కావాలంటే బయట ఎంత?

ప్రశ్న: ఇంటి వెనక ఖాళీ స్థలంలో, ఇంటికి తగలకుండా విడిగా ఒక గ్యారేజీ కట్టుకోవాలనుకుంటున్నాను. పాత కార్లు బాగుచేయడం నా సరదా. కారును పైకి లేపే లిఫ్టు పెట్టాలి కాబట్టి లోపల 14 అడుగుల ఎత్తు కావాలి. "షెడ్డే కదా సార్, పర్మిషన్ అక్కర్లేదు" అంటున్నాడు కాంట్రాక్టరు. పక్కింటాయనేమో అంత ఎత్తు లేపితే కోర్టుకు వెళ్తానంటున్నాడు. నా స్థలంలో నేను కట్టుకుంటే ఆయనకేంటి?

జవాబు: ముందు కాంట్రాక్టరు మాట పక్కన పెట్టండి. అనుమతి అక్కర్లేని షెడ్లు ఉంటాయి, నిజమే. కానీ ఆ వెసులుబాటు సాధారణంగా తోట పనిముట్లు దాచుకునే గదిలాంటి చిన్నవాటికే. కాంక్రీటు పునాది, కరెంటు లైను, 14 అడుగుల సీలింగు ఉన్నదాన్ని షెడ్డు అని పిలిచినంత మాత్రాన అది షెడ్డు అయిపోదు. రేపు నోటీసు వస్తే అందులో ఉండేది మీ పేరే, ఆయన పేరు కాదు.

అసలు చిక్కంతా ఎత్తు దగ్గరే. మీరు లోపలి నేల నుంచి సీలింగు దాకా కొలుస్తున్నారు. నిబంధనలు బయట నుంచి కొలుస్తాయి. కొన్నిచోట్ల నేలమట్టం నుంచి కప్పు కొస దాకా, మరికొన్నిచోట్ల వాలు కప్పయితే చూరుకూ కొసకూ మధ్య సగం దాకా. మీకు వర్తించే నిబంధనల్లో 'ఎత్తు' అంటే ఏమని రాశారో ఆ ఒక్క పేరా ముందు చదవండి. సీలింగు 14 అంటే పైన ట్రస్సులు (కప్పును మోసే చట్రాలు), వాలు, రేకులు కలిసి బయట 17, 18 అడుగులు తేలడం మామూలే. అనుబంధ కట్టడం అసలు ఇంటికంటే ఎత్తుగా ఉండకూడదనే షరతు, ఎత్తు పెరిగేకొద్దీ సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) పెరిగే షరతు చాలాచోట్ల కనిపిస్తాయి. మట్టి పోసి మెరక చేసి అక్కడినుంచి కొలిపిద్దాం అనుకోకండి. పాత నేలమట్టం నుంచే కొలవాలని రాసుకున్న చోట ఆ ఉపాయం పారదు.

పరిమితి దాటితే ప్రత్యేక మినహాయింపు అడగొచ్చు. అయితే అలాంటి దరఖాస్తుల్లో స్థలం ఆకారం వల్లో, పల్లం వల్లో వచ్చిన ఇబ్బందిని చూస్తారు తప్ప, యజమాని ముచ్చటను కాదు. 'లిఫ్టు పెట్టుకోవాలి' అనేది ముచ్చట కిందికే వస్తుంది. అందుకని దరఖాస్తుకంటే ముందు ఇంజినీరు దగ్గర కూర్చోండి. 5 అడుగుల కారును 6 అడుగులు పైకి లేపితే 11 అయింది. మామూలు రెండు స్తంభాల లిఫ్టుకు 12 అడుగులు చాలాసార్లు సరిపోతాయి, మీరు కొనే మోడల్ కాగితం చూసి తేల్చుకోండి. అడుగు భాగం కూడా వాలుగా ఉండే ట్రస్సులు వేస్తే, బయట ఎత్తు పెంచకుండానే మధ్యలో ఎత్తు దొరుకుతుంది. ఇది లాయరు చెప్పాల్సిన మాట కాదు గానీ, అక్కడ రెండడుగులు తగ్గితే నా ఫీజూ తగ్గుతుంది.

అంత ఎత్తు ఉంది కదా అని తరవాత సగానికి అటక వేస్తారేమో, దాన్ని మరో అంతస్తుగా లెక్కించే అవకాశం ఉంది. వేసే ఉద్దేశం ఉంటే ప్లానులోనే చూపించండి.

ఇక పక్కింటాయన. తన కిటికీలోంచి కనిపించే దృశ్యం పోతుందన్నది మామూలుగా నిలబడే వాదన కాదు. ఏళ్ల తరబడి అనుభవిస్తున్న వెలుతురు పోతుందంటే మాత్రం ఆలోచించాలి, కొన్ని దేశాల చట్టాలు దాన్ని హక్కుగా గుర్తిస్తాయి. మీ చూరు నీళ్లు ఆయన వైపు పడినా, రాత్రి పది దాటాక కంప్రెసర్ మోగినా, పెయింటు వాసన గోడ దాటినా ఆయన చేతికి కేసు మీరే ఇచ్చినట్టు. ప్లాను మంజూరైంది కదా అంటే కుదరదు. అనుమతి కట్టడానికే, ఇబ్బంది పెట్టడానికి కాదు. డబ్బు తీసుకుని స్నేహితుల కార్లు బాగుచేయడం మొదలుపెడితే అది సరదా కాదు, వ్యాపార వినియోగం.

మీ దస్తావేజు ఒకసారి తీయండి. లేఅవుట్ షరతులు, కాలనీ సంఘం నియమాలు, భూమి కింద పోయే పైపులైను కోసం వదలాల్సిన జాగా, పైన కరెంటు తీగలు ఉంటే వాటికి ఉండాల్సిన దూరం, ఇవన్నీ అనుమతితో సంబంధం లేకుండా విడిగా అడ్డుపడగలవు.

కాంట్రాక్టరుతో ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. మంజూరైన ప్లానుకు మించి ఒక్క అడుగు లేపినా సరిచేసే ఖర్చు అతనిదేనని, పూర్తయినట్టు ధ్రువపత్రం వచ్చాకే చివరి బిల్లు ఇస్తామని అందులో రాయించండి. పునాది తవ్వకముందే ఆ ప్లాను పట్టుకుని పక్కింటికి వెళ్లండి. చూరు నీళ్లు ఎటు పోతాయో గీత గీయించి మరీ తీసుకెళ్లండి.