హేత్వాభాసం వేరు, మొగ్గు వేరు

సందేహం: ఈమధ్య ఒక వ్యాసంలో ‘కాగ్నిటివ్ బయాస్’ను ‘సంజ్ఞానాత్మక హేత్వాభాసం’ అన్నారు. బయాస్ (ఆలోచన ఒక పక్కకు ఒరగడం), ఫాలసీ (వాదంలో తప్పు) ఒకటేనా? అలా రాయవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: రాయకూడదమ్మా. రాసినవారు హేత్వాభాసాన్ని విప్పి చూసినట్టు లేదు. హేతువు, ఆభాసం. ‘భాస్’ అంటే వెలగడం, కనపడడం. హేతువులా కనిపిస్తూ హేతువు కానిదే హేత్వాభాసం, ఇంగ్లీషులో ఫాలసీ. రోజూ అనే ‘అభాసుపాలు’లో ఉన్నదీ ఈ ఆభాసమే. దీర్ఘంతోపాటు పరువూ పోగొట్టుకుంది, పాపం.

ఇక్కడ అన్నంభట్టును తలవకుండా ఉండలేను. 17వ శతాబ్దపు తర్కపండితుడు, మన ఆంధ్రుడేనంటారు. ‘కాశీకి వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాడు’ అని నానుడే పుట్టింది. ఆయన రాసిన తర్కసంగ్రహమనే పుస్తకంలో కొండ మీద పొగ ఉంది కనక నిప్పు ఉంది అంటే ఒప్పు. మన సామెతా అదే: నిప్పు లేనిదే పొగ రాదు. తిరగేసి, నిప్పు ఉంది కనక పొగా ఉంది అంటే? కొలిమిలోంచి తీసిన ఇనుపగుండును చూడండి. ఎర్రగా కణకణలాడుతుంది, పొగ మాత్రం నూలుపోగంతైనా లేదు. పొగకు నిప్పొక్కటే చాలదు, పచ్చికట్టె తగలాలి. ఆ పచ్చికట్టెను, అంటే చెప్పకుండా దాగిన షరతును, ఆయన ‘ఉపాధి’ అన్నాడు (బతుకుతెరువు కాదు). ఎంత ముచ్చటైన పట్టు!

హేత్వాభాసమనే ఈ దోషం ఉన్నది వాదంలో. ఎవరు చెప్పినా, ఏ ఉద్దేశంతో చెప్పినా, కాగితం మీద వేలు పెట్టి చూపొచ్చు. బయాస్ ఉండేది మనిషిలో. టీవీలో విమాన ప్రమాదం చూసి, మర్నాడు టికెట్ క్యాన్సిల్ చేసుకుని కారెక్కేవాడు ఏ వాదమూ చెయ్యడు. కళ్లముందు మెదిలిందే పెద్ద ప్రమాదమనిపిస్తుంది, అంతే. మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వెర్‌స్కీ, కానెమన్ 1974లో రాసింది ఇలాంటివాటి గురించే. ఆ కారెక్కినవాడు తన పనిని సమర్థించుకోబోతే అప్పుడు హేత్వాభాసాలు వరస కడతాయి.

మరి బయాస్‌కు తెలుగేమిటి? ‘పక్షపాతం’ తప్పు కాదు, ఒక పక్కకు పడడమే కదా. (దాన్ని ‘పక్షవాతం’గా అచ్చేసిన ఘనులూ ఉన్నారు.) కానీ మన చెవికి పక్షపాతమంటే మేనల్లుడికి ఉద్యోగం ఇప్పించడం, తెలిసి చేసే పని. ఇది తెలియకుండా జరిగేది. ‘సంజ్ఞానాత్మక’ తగిలిస్తే నోరే తిరగదు. త్రాసు ఒక పక్కకు వాలితే ‘మొగ్గు’ అంటాం. ఇంగ్లీషువాళ్లూ ఒక బంతాటలో బంతి వంకరగా దొర్లే గుణాన్ని బయాస్ అన్నారు. ‘ఆలోచనలో మొగ్గు’ అంటే నాకు బాగానే ఉంది. పరీక్షలో రాస్తే మార్కులు పడతాయని మాత్రం హామీ ఇవ్వలేను.