పాఠం ఎక్కడ ఆపాలి?

ప్రకృతి ఆరోగ్య విధానాల గురించీ, శ్వాస సాధన గురించీ ఊరూరా తిరిగి శిక్షణ తరగతులు నిర్వహించే ఒక సోదరి మాకు ఉత్తరం రాశారు. నెలలో సగానికి పైగా ప్రయాణాల్లోనే గడుస్తోందనీ, ఇల్లు చేరిన రోజే భర్తతో మాటామాటా పెరుగుతోందనీ, పదమూడేళ్ల కూతురు తనను చూడగానే గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటోందనీ ఆమె బాధ. దీనికి తోడు, రక్తపోటు మాత్రలు ఇక మానేయవచ్చా అని ఒక తరగతిలో ఒకావిడ అడిగితే, "మీ శరీరమే చెబుతుంది, దాని మాట వినండి" అని ఈమె బదులిచ్చారట. ఆవిడ మాత్రలు మానేసి, కొన్ని వారాలకు ఆస్పత్రిలో చేరి కోలుకున్నారు. ఆ కబురు తెలిసినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదనీ, ఈ వృత్తి వదులుకోవాలా అనీ ఆమె అడుగుతున్నారు.

అమ్మా, వృత్తి వదులుకోవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. అయితే మీరు వేరువేరుగా రాసిన ఈ రెండు కష్టాలకూ మూలం ఒకటేనని నాకు తోస్తోంది. తరగతిలో పాఠం ఆగవలసిన చోట మీరు ఒక అడుగు ముందుకు వేశారు. ఇంట్లో అయితే పాఠం ఆపడమే లేదు.

ముందు మాత్రల సంగతి. ఆ జవాబు మీరు సదుద్దేశంతోనే ఇచ్చి ఉంటారు, కానీ అది తప్పు జవాబు. అధిక రక్తపోటు చాలామందిలో ఏ లక్షణమూ లేకుండానే ఉంటుంది కనుక, ఈ విషయంలో శరీరం చెబుతుందని ఎదురుచూడటంలో అర్థం లేదు. కొలిచి చూసుకుంటేనే తెలుస్తుంది. కొన్ని రకాల రక్తపోటు మందులు ఒక్కసారిగా ఆపితే పోటు మునుపటికంటే పైకి ఎగబాకుతుంది. టైప్ 1 మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే, ఒక్కోసారి గంటల్లోనే, ప్రాణం మీదికి వస్తుంది. వారాల తరబడి స్టెరాయిడ్లు వాడినవారూ, మూర్ఛకు మందులు వాడేవారూ వాటిని ఉన్నట్టుండి ఆపకూడదు. సహజమైనదల్లా నిరపాయమనే మాట కూడా ఇకపై మీ నోట రాకూడదు: మూలికగా ఎంతో పేరున్న అతిమధురం ఎక్కువ కాలం, ఎక్కువ మోతాదులో తీసుకుంటే అదే రక్తపోటును పెంచి, ఒంట్లో పొటాషియాన్ని తగ్గిస్తుంది. అందువల్ల ప్రతి తరగతి మొదట్లోనే, ఎవరూ అడగకముందే, "మందు మొదలుపెట్టడం, తగ్గించడం, ఆపడం మీ వైద్యుల పని, నేను దాని జోలికి రాను" అని చెప్పండి. ఆ మాట చేతికిచ్చే కాగితం మీద కూడా ఉండాలి. ఇంత చెప్పినా మీ చేతిలో మిగిలేది తక్కువేమీ కాదు. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రోజుకు 5 గ్రాములకు లోపు ఉప్పు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెబుతున్నదాన్ని, మనుషుల చేత అలవాటుగా చేయించగలిగితే అదే పెద్ద సేవ.

ఆస్పత్రి పాలైన ఆవిడకు మీరే స్వయంగా ఫోన్ చేయండి. సంజాయిషీలు వద్దు. నా జవాబు సరైనది కాదు, మీ వైద్యులు చెప్పినట్టే నడుచుకోండి అని చెప్పి, ఆవిడ ఏమన్నా వినండి. మీ నిద్రలేమికి ఆ సంభాషణ ఎంతో కొంత మేలు చేస్తుందని నా నమ్మకం.

ఇక ఇంటి విషయం. మీ ఉత్తరంలో ఒకచోట, అంతగా పట్టించుకోకుండా, ఒక సంగతి రాశారు: పోయినసారి ఇల్లు చేరగానే, పెట్టె కూడా తెరవకముందే, వంటింటి అరలోని పొట్లాల మీది అక్షరాలు చదివి, పనికిరానివని తోచినవన్నీ ఒక సంచిలో వేసి గుమ్మం పక్కన పెట్టారు. ఆ సరుకులు మీరు లేనన్ని రోజులూ ఇల్లు నడిపిన మనిషి తెచ్చినవి. ఆయన "నీ శిష్యులు వేరే ఉన్నారు" అన్నది వెటకారమని మీకు అనిపించింది. నాకైతే ఫిర్యాదులా వినిపించింది. అదే సాయంత్రం పాప పరీక్ష గురించి ఏదో చెప్పబోతే, రాత్రిళ్లు ఫోన్ చూడటం వల్ల నిద్ర ఎలా చెడుతుందో మీరు వివరించారు. మీరు చెప్పినది నిజమే. కానీ పాప చెప్పదలచుకున్నది ఏమిటో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

దూరంగా ఉండటం కంటే, తిరిగి వచ్చే తీరే వాళ్లను ఎక్కువ నొప్పిస్తోందని నా అంచనా. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు మొదటి రెండు రోజులు ఆహారం గురించి గానీ, నిద్ర గురించి గానీ, ఎవరి బరువు గురించి గానీ ఒక్క మాట మాట్లాడకండి. మీరు లేని రోజుల్లో ఇంట్లో ఏర్పడిన పద్ధతిని ఉన్నదున్నట్టు సాగనివ్వండి. పాపను ఆ పరీక్ష సంగతి అడిగి, సలహా నోటిదాకా వచ్చినా మింగేయండి. ఇది మీ వృత్తిలో ఉన్నవారికి ఉపవాసం కంటే కష్టమని నాకు తెలుసు.

ప్రయాణాల విషయంలో, తరువాతి మూడు నెలల తేదీలు ఒప్పుకునే ముందు ఆ పట్టికను భర్త ముందు పెట్టి, ఆయనకు వీలుకాని రోజులు ఏవో అడిగి, వాటిని నిజంగానే కొట్టివేయండి. రెండు ఊళ్ల తరగతుల మధ్య ఒక ఖాళీ రోజు మీ నిద్ర కోసం ఉంచుకోండి. శిష్యుల ఫోన్లకు ఒక వేళ పెట్టి, రాత్రి తీయకండి. ఇంత చేశాక కూడా రెండు మూడు నెలల్లో తగవు తగ్గకపోతే, అప్పుడు మీ ఇద్దరూ కలిసి ఒక కౌన్సెలర్ దగ్గరకు వెళ్లండి. అక్కడ మాత్రం ముందుగా ఆయననే మాట్లాడనివ్వండి.