పాప సంగతి బ్లాగులో రాశాను, ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు

ప్రశ్న: మాది రాజమండ్రి. నాకు 36 ఏళ్లు. మావారు ప్రైవేటు ఉద్యోగి. పాప ఆరో తరగతి, బాబు ఒకటో తరగతి. అత్తగారు మాతోనే ఉంటారు. మూడేళ్లుగా వర్డ్‌ప్రెస్‌లో క్రైస్తవ తల్లుల కోసం తెలుగు బ్లాగు రాస్తున్నాను. ఇది కాక హైదరాబాద్‌లోని ఒక ఏజెన్సీకి పదానికి 40 పైసల చొప్పున కంటెంట్ రాసిస్తాను. పాప రాత్రిళ్లు పక్క తడిపేదని, ప్రార్థన చేశాక మానేసిందని కిందటేడు సాక్ష్యంగా రాసి ఫోటో పెట్టాను. పాప క్లాసులో ఒక అమ్మాయి వాళ్లమ్మ అది చదివింది. క్లాసంతా తెలిసిపోయింది. పాప నాతో మాట్లాడటం లేదు, సండే స్కూలుకూ రానంటోంది. మావారు "నెలకు ఆరు వేలు రాని పనికి ఇంత గొడవ దేనికి, మానెయ్" అంటున్నారు. ఏజెన్సీ 18 వేలు బాకీ పెట్టింది, పైగా బెట్టింగ్ యాప్‌ల మీద, రాశిఫలాల మీద రాయమంటోంది. రోజంతా ఫోనే అని అత్తగారు సణుగుతారు. డబ్బుకు రాసే రాతలు లోకసంబంధమైనవని, సంఘ పత్రికకు రాయమని పాస్టరమ్మ గారు అంటున్నారు. రాయడం ఆపేయమంటారా?

జవాబు: సోదరీ, రాయడం ఆపమని చెప్పను. పాప గురించి రాయడం మాత్రం ఈ పూటే ఆపండి. ఏజెన్సీ బాకీ ఇంకో నెల ఆగినా కొంప మునగదు. పాప విషయం రేపటికి కూడా వాయిదా వేయకండి.

ముందు ఆ పోస్టు తీసేయండి. ట్రాష్‌లో వేసి ఊరుకుంటే 30 రోజులు అక్కడే ఉంటుంది. అక్కడి నుంచి కూడా శాశ్వతంగా తొలగించండి. చాలామంది చేసే పొరపాటు ఇంకొకటుంది. పోస్టు పోయినా అందులోని ఫోటో పోదు. మీడియా లైబ్రరీలో అలాగే ఉండి, దాని లింకు ఉన్నవాళ్లకు తెరుచుకుంటూనే ఉంటుంది. కాబట్టి ఫోటోను అక్కడికి వెళ్లి విడిగా తీసేయాలి. ఆ తర్వాత గూగుల్ సంగతి. పేజీ లేకపోయినా వెతికితే దాని శీర్షిక, ఒకటి రెండు వాక్యాలు కొన్నాళ్లపాటు కనబడతాయి. గూగుల్ సైటు యజమానులకిచ్చే సెర్చ్ కన్సోల్‌లో రిమూవల్స్ అనే చోట ఆ లింకు ఇస్తే సుమారు ఆరు నెలలు కనబడకుండా పెడతారు. ఈలోగా గూగుల్ తిరిగి వచ్చి, పేజీ లేదని చూసుకుని పూర్తిగా తీసేస్తుంది. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో లింకు పంచి ఉంటే అక్కడ ఫోటోతో సహా ఓ ముక్క నిలిచిపోతుంది. ఫేస్‌బుక్‌లో మీరు పెట్టినదాన్ని మీరే తీయండి, వాట్సాప్‌లో పాత మెసేజీని అందరి ఫోన్లలోంచి తీయడం కుదరదు, సంఘం గ్రూపులో పంచినవాళ్లను ఇక పంచవద్దని అడగండి. ఎవరో తీసిపెట్టుకున్న స్క్రీన్‌షాట్లూ మన చేతిలో లేవు. ఆ మాట పాపకు దాచకుండా చెప్పాలి.

ఇదంతా అయ్యాకే పాప దగ్గరికి వెళ్లండి. తీసేయకుండా క్షమాపణ అడిగితే ఆ మాటకు బరువుండదు. ఇంట్లో ఎవరూ లేని వేళ, ఫోను వేరే గదిలో పెట్టి, నాలుగే మాటలు చెప్పండి: "నీ సంగతి నిన్ను అడక్కుండా పదిమందికీ చెప్పాను. అది తప్పు. పోస్టూ ఫోటో తీసేశాను, ఎక్కడెక్కడ తీశానో నీకు చూపిస్తాను. ఇక నువ్వు సరేనంటే తప్ప నీ గురించి రాయను." అక్కడితో ఆగండి. "దేవునికి మహిమ రావాలనే కదమ్మా రాశాను" అని కలపకండి. ఆ మాట కలిపితే తన బాధ దేవుని మహిమకు అడ్డమన్నట్టు పిల్లకు వినబడుతుంది. సండే స్కూలుకు రానంటున్న పిల్లకు అది ఇంకో దెబ్బ. వెంటనే క్షమించమని, కలిసి ప్రార్థన చేద్దామని కూడా బలవంతపెట్టకండి. మళ్లీ దగ్గరయ్యేది ఎప్పుడో పాపే తేల్చుకోవాలి. తల్లిదండ్రులు పిల్లలకు కోపం రేపవద్దనీ, అలా చేస్తే వాళ్ల మనసు కుంగుతుందనీ కొలొస్సయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయంలో ఉంది. ఈ సందర్భంలో ఆ వాక్యం మీకోసం, పాపకు చదివి వినిపించడానికి కాదు.

జరిగినదాని మీద మరో పోస్టు రాయాలని అనిపిస్తుంది. రాసేవాళ్లందరికీ అనిపిస్తుంది. "నా కూతురికి క్షమాపణ" అని పోస్టు పెడితే మొదటిది చదవని వాళ్లకూ విషయం తెలుస్తుంది. ఆ క్షమాపణ ఇంట్లోనే ఉండనివ్వండి.

సండే స్కూలుకు కొన్ని వారాలు రాకపోయినా ఫర్వాలేదు. టీచరుతో మీరు విడిగా మాట్లాడి, ఆ సంగతి అక్కడ ఎత్తకుండా చూడమనండి. బడిలో ఏడిపిస్తుంటే క్లాస్ టీచర్‌ను నేరుగా కలవండి. తల్లుల వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. దిగులుతో పక్క తడపడం మళ్లీ మొదలుకావచ్చు. ఆరు నెలలకు పైగా మానేసిన పిల్లకు తిరిగి వస్తే పిల్లల డాక్టరుకు చూపించి మూత్ర పరీక్ష చేయించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగర్ లాంటివీ కారణం కావచ్చు. పిల్ల సరిగా తినకపోయినా, నిద్రపోకపోయినా, బడికి వెళ్లనని మొండికేసినా మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లడానికి సంకోచించకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 ఉచితం, ఏ వేళైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనుందని ఒక్కసారి అన్నా సరే, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, పిల్లను ఒంటరిగా వదలకండి.

ఇక మిగిలిన మూడేళ్ల రాతలు. ఒక సాయంత్రం నోటుపుస్తకం పెట్టుకుని అన్నీ చదవండి. పిల్లల ఒంటి సంగతులు, జబ్బులు, మార్కులు, అబద్ధాలు, దెబ్బలు, భయాలు ఉన్నవన్నీ తీసేయండి. పేరు మార్చాను కదా అనుకోకండి. మీకు ఒక్క ఆడపిల్ల అని మీ సంఘంలో అందరికీ తెలుసు, ఏ పేరు పెట్టినా అది ఆ పిల్లే. యూనిఫాం, బ్యాడ్జి కనిపించే ఫోటోలు అన్నిటికంటే ముందు తీయండి, వాటిని చూస్తే ఏ బడో తెలిసిపోతుంది. ఇంకో ఏడాదికో రెండేళ్లకో పాప పెద్దమనిషి అవుతుంది. ఆ కబురు బ్లాగుకెక్కకూడదని ఇప్పుడే గట్టిగా అనుకోండి.

పిల్లల ప్రార్థనల గురించి కూడా ఒక మాట చెప్పాలి. క్రైస్తవ తల్లుల రాతల్లో ఇది తరచూ కనబడుతుంది. రాత్రి కుటుంబ ప్రార్థనలో బాబు అన్న ముద్దు మాట తెల్లారేసరికి పోస్టవుతుంది, కింద పాతిక ఆమెన్‌లు పడతాయి. ఇది రెండు మూడుసార్లు జరిగిందంటే పిల్లవాడు దేవునితో మాట్లాడటం మాని చదివేవాళ్ల కోసం మాట్లాడటం మొదలుపెడతాడు. ఆరేళ్లవాడిని "రాయనా?" అని అడిగితే అమ్మ ముచ్చట కోసం ఊఁ అంటాడు, దాన్ని అనుమతి అనలేం. పాపకైతే రాసింది మొత్తం చదివించి, ఒక రోజు గడువివ్వండి. వద్దంటే వద్దే, మళ్లీ అడగకండి. స్త్రీల కూడికలో తోటి సోదరి కన్నీళ్లతో చెప్పుకున్న ప్రార్థన విన్నపాలదీ ఇదే దారి. నమ్మకమైనవాడు సంగతి దాచుతాడని సామెతలు 11:13 అంటుంది.

అలాగైతే రాయడానికి ఏం మిగులుతుందని దిగులుపడకండి. మీరు మిగులుతారు. "పాప మార్కుల కార్డు దాచింది" అని రాసే బదులు "నా గొంతు పెరిగినప్పుడల్లా ఇంట్లో నిజం చెప్పేవాళ్లు తగ్గిపోవడం గమనించాను" అని రాయండి. అందులో పిల్ల ఎక్కడా లేదు, చదివే తల్లికి అందాల్సింది అందుతుంది. పదినిమిషాల కుటుంబ ప్రార్థన ఎలా చేసుకోవాలి, పరీక్షల వేళ ఇంట్లో ఏం తగ్గించుకోవాలి, పిల్లలకు ఏ వయసులో ఏ బైబిలు కథ చెప్పాలి, ఇవన్నీ ఎవరి గుట్టూ బయటపెట్టకుండా రాయగలిగినవే.

డబ్బు విషయంలో మీవారి మాటలో సగం నిజముంది. పదానికి 40 పైసలంటే వెయ్యి పదాలకు 400 రూపాయలు. చదివి సమాచారం తీయడానికి గంట, రాయడానికి రెండు, దిద్దడానికి ఒకటి అనుకుంటే గంటకు వంద. వాళ్లు రెండుసార్లు తిప్పి పంపి మరో రెండు గంటలు తింటే గంటకు 66. ఇంటి చాకిరీ మధ్య మిగుల్చుకున్న గంటలకు ఇది తక్కువ ధర. గంటకు 200 కావాలనుకుని, వెయ్యి పదాలకు ఐదు గంటలు పడుతుందంటే పదానికి రూపాయి అడగాలి. ఏజెన్సీ ఇవ్వదు. మధ్యలో ఏజెన్సీ లేకుండా నేరుగా పని ఇచ్చే ఆసుపత్రులు, పాఠశాలలు, క్రైస్తవ ప్రచురణ సంస్థలకు 400 పదాల నమూనాలు రెండు పంపి చూడండి. ఇంగ్లిష్ బాగా వస్తే అనువాదం, పిల్లల పాఠాల రచన కూడా అడగండి. ఒప్పుకునే ముందు ధర, ఎన్ని పదాలు, ఎన్నిసార్లు దిద్దిస్తారు (రెండుకు మించొద్దు), సగం ముందుగా, మిగతాది ఎన్ని రోజుల్లో అన్నది ఈమెయిల్‌లో రాయించుకోండి. రచనపై హక్కు మాట కూడా. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, గడువు రాయకపోతే అది ఐదేళ్లే. మీ పేరుతో వచ్చే ఆత్మీయ రచనలకు ఇది ముఖ్యం.

18 వేల బాకీకి ముందు చేయాల్సింది కొత్త వ్యాసం పంపడం ఆపడం. పాత బాకీ అడుగుతూనే కొత్త పని పంపిస్తూ పోతే బాకీ పెరుగుతుందే కానీ తీరదు. ఇన్వాయిస్ నంబరు, తేదీ, మొత్తం, వారం గడువు రాసి ఈమెయిల్ చేయండి, వాట్సాప్ సంభాషణను భద్రపరచుకోండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్, పాన్‌తో సూక్ష్మ సంస్థగా ఉచితంగా నమోదు కావచ్చు. చిన్న సంస్థలకు చెల్లింపు 45 రోజులు దాటకూడదని 2006 చట్టం చెబుతుంది, దాటితే వడ్డీ కూడా ఉంటుంది. కాకపోతే పని ఒప్పుకునేనాటికే నమోదై ఉండటం మేలు, కాబట్టి ఈ బాకీకి పనికొస్తుందని గట్టిగా చెప్పలేను, ఇకమీదటివాటికి అక్కరకొస్తుంది. ఏజెన్సీ మీ డబ్బులోంచి టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి ఉంటే అది ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద పడిందో లేదో చూడండి. మీ ఆదాయం పన్ను పరిధిలోకి రాదు కాబట్టి రిటర్ను వేస్తే ఆ సొమ్ము వెనక్కి వస్తుంది.

బెట్టింగ్ యాప్‌ల వ్యాసాలు వద్దు. విశ్వాసం మాట అటుంచినా, డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల ప్రకటనలను 2025 కేంద్ర చట్టం నిషేధించింది. రాశిఫలాలు మీ మనస్సాక్షికి సంబంధించినవి. పని మధ్యలో నిరాకరిస్తే వాళ్లకు నష్టం, మీరు మాట పడాల్సి వస్తుంది. ఫలానా అంశాలు రాయనని ముందే ఒక్క వాక్యంలో చెప్పండి, సువార్త చెప్పనక్కర్లేదు. బ్లాగులో ప్రకటనలు పెట్టుకున్నా ఇదే జాగ్రత్త అవసరం. గూగుల్ ప్రకటనల సేవ యాడ్‌సెన్స్‌లో జ్యోతిషం, డేటింగ్ లాంటి వర్గాలను మనమే ఆపుకోవాలి, లేకపోతే వాక్యధ్యానం పక్కనే వచ్చి కూర్చుంటాయి. అయినా 100 డాలర్లు దాటితే గానీ డబ్బు చేతికి రాదు. తెలుగు బ్లాగుకు ఆ గడప దాటడానికి చాలాకాలం పడుతుంది. ధ్యానాల పేజీలను ప్రకటనలు లేకుండా వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం.

అత్తగారి సణుగుడుకు కారణం ఉంది. ఫోనులో వ్యాసం రాయడం, ఫోనులో వీడియోలు చూడటం పక్కనున్నవాళ్లకు ఒకేలా కనబడతాయి. బల్ల మీద కాగితం మీదో లాప్‌టాప్‌లోనో రాయండి. తెల్లవారుజాము గంటన్నర, పిల్లలు బడికెళ్లాక రెండున్నర గంటలు చాలు. పిల్లలు బడి నుంచి వచ్చింది మొదలు పడుకునేదాకా, ఆదివారమంతా రాతపని ఉండకూడదు. ఇప్పుడు పాపకు ఆ సాయంత్రాలు ఎక్కువ అవసరం. నెలాఖరున మీవారి ముందు లెక్క పెట్టండి. ఎంత పని చేశారు, ఎంత చేతికొచ్చింది, ఇంటర్నెట్‌కు ఎంత పోయింది. సంఘానికిచ్చే దశమ భాగం కూడా చేతికొచ్చిన దానిలోంచే, రావలసిన దానిలోంచి కాదు. మూడు నెలల లెక్కలు చూశాక ఏజెన్సీ పని మానాలో ఉంచాలో ఇద్దరూ కలిసి తేల్చుకోండి. బ్లాగులో ఆయన కోపం గురించి, అత్తగారి గురించి రాసినవి ఉంటే అవీ వాళ్లకు చూపించి, వద్దన్నవి తీసేయండి.

పాస్టరమ్మ గారికి గౌరవంగానే చెప్పండి. పౌలు డేరాలు కుట్టి బతికాడు, సామెతలు 31లోని స్త్రీ పొలం చూసి కొంటుంది, నేసి అమ్ముతుంది. నిజాయితీగా రాసి కూలి తీసుకోవడం లోకసంబంధం కాదు. సంఘ పత్రికకు రాస్తానని ఒప్పుకోండి, ఎంతో మాత్రం ముందే చెప్పండి: నెలకు ఒక పేజీ, 20వ తేదీలోగా. క్రిస్మస్ సంచికకు ఎక్కువ కావాలంటే అక్టోబరులోనే అడగమనండి. పాప మీతో మామూలుగా మాట్లాడేదాకా అది కూడా మొదలుపెట్టకండి. ఎందుకని అడిగితే ఇంట్లో పని ఉందని చెప్పండి చాలు, పాప పేరు ఎత్తకండి.